జవాబులు వచ్చేశాక కూడా మన పోస్టు మనం డిలీట్ చేసుకోవచ్చా?

పాతతీగ:
నా కోడులో వచ్చిన ఒక ఎర్రర్ గురించి వెతుకుతుంటే పాత చర్చ ఒకటి దొరికింది. అచ్చం నా సమస్యే. ప్రశ్న ఉంది. దాని కింద జవాబు ఉండాల్సిన చోట "రాసినవారు తొలగించారు" అని ఒక్క ముక్క. ఆ కింద వరసగా "మీరు చెప్పినట్టే రెండో లైను మార్చాను, వెంటనే పనిచేసింది", "రాత్రంతా తల బద్దలు కొట్టుకున్నాను, బతికించారు" అని థ్యాంక్సులు. ఏ రెండో లైను? ఏం మార్చారు? ఇక ఎవరికీ తెలీదు. ఆయన ఖాతా మూసేస్తూ ఏళ్ల తరబడి రాసినవన్నీ ఒకేసారి తీసేశారట.

నా మాట సూటిగా చెప్తాను. ఎవరూ జవాబివ్వక ముందు ఎన్నిసార్లైనా తీసేసుకోండి, కానీ కింద జవాబులు పడ్డాక అది మీ ఒక్కరిదే కాదు. జవాబిచ్చినవాళ్లూ టైమ్ పెట్టారు కదా, పైది పోతే వాళ్ల మాటలకు తలా తోకా ఉండదు, ఒక్కోసారి అర్థమే తారుమారవుతుంది. ఎవరో మిమ్మల్ని నీచంగా అన్నారు, మీరు కోపంగా జవాబిచ్చారు, వాళ్లు తమది చెరిపేసుకుని వెళ్లిపోయారు. తర్వాత వచ్చి చదివినవాళ్లకు కారణం లేకుండా అరుస్తున్న మీరొక్కరే కనిపిస్తారు. ఇది న్యాయమేనా?

సిరాచుక్క:
నేను ఒప్పుకోను పాతతీగ గారూ. మీరు కోడు చర్చల్లోంచి చూస్తున్నారు. జనం రాసేది అదొక్కటే కాదు. డిప్రెషన్ మందుల గురించి రాస్తారు, అబార్షన్ అయిందని రాస్తారు, అప్పుల గురించి, ఇంట్లో కొట్టే మనిషి గురించి రాస్తారు. ఎదురుగా ఉన్నవాళ్లతో చెప్పుకోలేకే కదా ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పుకునేది. కొన్నేళ్లకు ఆ కొట్టిన మనిషే వెతుక్కుంటూ అక్కడికి వస్తే, "సారీ అండి, కింద జవాబులు పడిపోయాయి, తీయడం కుదరదు" అంటామా?

యూరప్‌లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం జీడీపీఆర్ 2018 మే నుంచి అమల్లో ఉంది, దాని 17వ ఆర్టికల్ తన వ్యక్తిగత సమాచారం తీసేయమని అడిగే హక్కు ఇచ్చింది. కాలిఫోర్నియాలో 2015 జనవరి నుంచి, 18 ఏళ్లు నిండని పిల్లలు తాము పెట్టిన పోస్టులు తాము తీసేసుకునే వీలు వెబ్‌సైట్లు ఇవ్వాలి. పదిహేనేళ్లప్పుడు రాసింది ముప్ఫయ్యో ఏట మెడకు చుట్టుకోకూడదనేగా ఇదంతా.

గడియారం:
చెరిపేయకుండానే కనపడకుండా చేసే దారి కూడా ఉంది. 2014లో గూగుల్ మీద యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ ఇచ్చిన తీర్పు అదే. స్పెయిన్‌లో ఒకాయన పాత అప్పు తాలూకు వేలం నోటీసు 1998 నాటి పత్రికలో ఉంది. పత్రికలోది పత్రికలోనే ఉంచి, ఆయన పేరు కొట్టి వెతికితే ఆ లింకు రాకుండా చేయమన్నారు. చర్చలకూ ఇలా చేస్తే సగం గొడవ తీరుతుందని నాకనిపిస్తుంది.

పాతతీగ:
సిరాచుక్క గారూ, అదే 17వ ఆర్టికల్లో భావప్రకటన స్వేచ్ఛకూ, ప్రజాప్రయోజనం కోసం భద్రపరిచే రికార్డులకూ మినహాయింపులున్నాయి. అడగ్గానే అన్నీ తీసేయాలని అందులో లేదు. మీరు చెప్పిన కష్టం నిజమే, దాన్ని కాదనను. దానికి పేరు తీసేస్తే చాలదా? కోడు ప్రశ్నలకు జవాబులిచ్చే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో ఖాతా తీసేస్తే పేరుకు బదులు ఒక నంబరు మిగులుతుంది, జవాబులు మాత్రం ఉంటాయి. ప్రశ్న అడిగినవాళ్లు "ఇదే సరైనది" అని ఎంచుకున్న జవాబునైతే రాసినవాళ్లు కూడా తీయలేరు. మనిషి వెళ్లిపోవచ్చు, నేర్పింది ఉంటుంది. నాకు ఇదే సబబుగా ఉంది.

రాత్రిబండి:
పేరు తీస్తే చాలదండీ, ఈ ఒక్క విషయం మీద కాస్త పొడుగ్గా రాస్తాను. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ దాదాపు 6.5 లక్షల మంది తన సెర్చ్‌లో వెతికిన మాటల జాబితాను బయటపెట్టింది, పరిశోధనకని. పేర్లు లేవు, ఒక్కొక్కరికి ఒక నంబరు మాత్రమే. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు పట్టుకుని, ఆమె ఏమేం వెతికిందో చూసుకుంటూ వెళ్లి నేరుగా ఆమె ఇంటి తలుపు తట్టారు. వెతికిన మాటలకే అంత పట్టుబడితే, పేరాలకు పేరాలు రాసినవి ఊరుకుంటాయా? ఒక పోస్టులో ఉద్యోగం, ఇంకోదాంట్లో పిల్లల వయసు, మరోచోట తనకున్న అరుదైన జబ్బు. విడివిడిగా చూస్తే ఏమీ లేదు, ఒకే నంబరు కింద వరసగా పేరిస్తే మనిషి దొరికిపోతుంది. కాబట్టి నంబరు మిగల్చడం కూడా తప్పే. ఒక్కో పోస్టుకూ మధ్య లంకె తెగిపోవాలి.

ఇంకోటి, ఇది నాకు కోపం తెప్పించే సంగతి. 2024 మేలో స్టాక్ ఓవర్‌ఫ్లో, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీతో ఒప్పందం ప్రకటించగానే కొందరు నిరసనగా తమ జవాబులు చెరపబోయారు. వాటిని మళ్లీ పెట్టేసి, కొందరి ఖాతాలు సస్పెండ్ చేశారు. లైసెన్సు ప్రకారం చూస్తే సైటుదే పైచేయి, క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) కింద ఇచ్చింది వెనక్కి తీసుకోలేం. ఒప్పుకుంటాను. కానీ మనం తీసుకెళ్తామంటే "ఇది అందరిదీ" అంటారు, వాళ్లు ఒప్పందం చేసుకునేటప్పుడు ఆ అందరినీ అడగరు. పోస్టులు ఉంచాలంటున్న పాతతీగ గారు దీనికి ఏమంటారో వినాలనుంది.

పాతతీగ:
అడగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కంపెనీ మీద కోపంతో జవాబు చెరిపితే దెబ్బ తగిలేది కంపెనీకి కాదు. 2023లో రెడ్డిట్ చర్చల సైటు తన ఏపీఐకి (బయటి యాప్‌లు సైటులోని సమాచారం తీసుకునే దారికి) డబ్బులు వసూలు చేస్తామన్నప్పుడు కూడా చాలామంది తమ పాత కామెంట్లను చెత్త రాతలతో నింపేసి పోయారు. కంపెనీ దగ్గర బ్యాకప్ ఉంటుంది. రేపు అదే ఎర్రర్‌తో వచ్చే కుర్రాడి దగ్గర ఉండదు.

సిరాచుక్క:
ఆ కుర్రాడి కోసమే అయితే ఒక దారి ఉంది. చెరపాలనుకున్నవాళ్లను "మీ గురించి ఉన్న ముక్కలు తీసేసి, మిగతాది పేరు లేకుండా ఉంచమంటారా?" అని ముందు అడగండి. ఎక్కువమంది ఉంచమంటారనే నా నమ్మకం. వద్దన్నవాళ్లది మాత్రం పూర్తిగా తీసేయాలి, ఎందుకని అడక్కుండా. కారణం చెప్పాలంటే దాచుకోవాలనుకున్నదే మళ్లీ మోడరేటర్‌కు విప్పి చెప్పాలి కదా. గడియారం గారి పద్ధతి అంతవరకూ ఆగడానికి బాగుంటుంది. అడిగిన రోజే సెర్చ్‌లోంచి తీసేసి, మిగతాది తర్వాత తేల్చుకోవచ్చు.

గడియారం:
బాగుంది. మరి ఇతరులు కోట్ చేసిన ముక్కల మాటేమిటి? అసలు పోస్టు పోయినా కింద పది మంది దాన్ని యథాతథంగా ఎత్తి రాసి ఉంటారు. సైటులో తీసేసినా పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో కాపీ ఉండొచ్చు.

రాత్రిబండి:
వేబ్యాక్‌లోది తీయమని వాళ్లను విడిగా అడగాలి, ఆ సంగతి డిలీట్ బటన్ పక్కనే రాసి పెట్టాలి, అంతా పోయిందన్న భ్రమలో జనం ఉండకూడదు. కోట్ చేసినవైతే సైటు చేతిలోనే ఉన్నాయి. పేరు, జబ్బు, ఊరు, ఫోటో లాంటివి కోట్‌లోంచి కూడా తీసేయాలి. వాదన మాత్రం ఉంచొచ్చు. కోట్ చేసినవారికి తమ పోస్టు మారిందని కబురు అందాలి.

పాతతీగ:
కబురు అందితే చాలు, నాకు అభ్యంతరం లేదు. జవాబిచ్చినవాళ్లు అప్పుడు తమది సరిదిద్దుకోవచ్చు. ఇక నేను పట్టుబట్టేది ఒక్కటే, తిట్టి పారిపోయేవాళ్ల సంగతి. మోడరేటర్‌కు ఫిర్యాదు అందిన పోస్టును అది తేలేదాకా రాసినవారు తీయకూడదు.

సిరాచుక్క:
దీనికి నేనూ సరే. పైకి కనపడకుండా పెట్టి, మోడరేటర్లు మాత్రమే చూసేలా ఉంచాలి.