హానియాలో స్థిరపడితే నిజంగా ఖర్చు తగ్గుతుందా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మేం బర్మింగ్‌హామ్‌లో ఉండబట్టి 24 ఏళ్లు. ఇద్దరివీ బ్రిటిష్ పాస్‌పోర్టులే. నాకు 61, మా ఆవిడకు 59. వచ్చే ఏడాది ఉద్యోగాలు మానేద్దామనుకుంటున్నాం. కంపెనీ పెన్షన్లు చెరిసగంగా వస్తాయి, రెండూ కలిపితే నెలకు 3,600 యూరోలు. కిందటి మే నెలలో గ్రీసులోని క్రీట్ దీవికి వెళ్లి, హానియా పట్నం దగ్గర కలీవెస్ అనే ఊళ్లో రెండు వారాలు ఉన్నాం. ఇద్దరం కడుపునిండా తిన్నా బిల్లు 30 యూరోలు దాటలేదు. ఎదురుగా సముద్రం, వెనక్కి తిరిగితే కొండల మీద ఇంకా మంచు. మోకాళ్ల నొప్పి సంగతే గుర్తు రాలేదంది మా ఆవిడ. ఇక్కడేమో మా కౌన్సిల్ (నగర పాలక సంస్థ) 2023లో డబ్బుల్లేవని చేతులెత్తేసి, 2024లో పన్ను ఒక్కసారే దాదాపు 10 శాతం పెంచింది. ఈ ఇల్లు అమ్మేసి అక్కడ చిన్నది కొనుక్కుంటే సగం ఖర్చుతో హాయిగా బతకొచ్చని నా లెక్క. మా తమ్ముడు మాత్రం ససేమిరా అంటున్నాడు. అక్కడ ఉన్నవాళ్లు ఉన్నమాట చెప్పండి.

లెక్కతప్పదు:
తప్పకుండా వెళ్లండి. విదేశీ పెన్షనర్లకు గ్రీసు 2020లో ఒక చట్టం తెచ్చింది. అక్కడికి మారితే బయటి దేశం నుంచి వచ్చే ఆదాయం మీద 7 శాతం పన్ను కడితే చాలు, అలా 15 ఏళ్లు. నేను మ్యూనిక్‌లో కట్టేదాంతో పోలిస్తే అది పన్నే కాదు. అద్దెలు ఇక్కడి వాటిలో సగం కూడా ఉండవు. కూరగాయలు, పళ్లు, చేపలు అన్నీ అక్కడే దొరుకుతాయి. హీటింగ్ ఖర్చు లేదు. ఇంకేం కావాలి?

హానియా2016:
గోదారిగట్టు గారూ, నేను 2016 నుంచి హానియాలో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ పని, ఇంటి నుంచే. జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి వీసా గొడవ పడలేదు. మీకు అది ఉంది, ముందు అదే చూడండి. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటిష్ పాస్‌పోర్టుతో 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. స్థిరపడాలంటే సొంత ఆదాయంతో బతికేవాళ్లకిచ్చే వీసా తీసుకోవాలి. దానికి 2024 దాకా నెలకు 2,000 యూరోల ఆదాయం చూపిస్తే సరిపోయేది, ఇప్పుడు 3,500. జీవిత భాగస్వామికి ఇంకో 20 శాతం. అంటే మీ ఇద్దరికీ 4,200. మీ 3,600 చాలదు. ఇల్లు కొంటే గోల్డెన్ వీసా వస్తుంది కదా అంటారేమో, 2024 సెప్టెంబరు నుంచి క్రీట్‌లో దానికి 8 లక్షల యూరోల ఇల్లు కొనాలి. ఎవరి మాటా నమ్మి ముందే ఇల్లు అమ్మకండి.

లెక్కతప్పదు గారు చెప్పిన 7 శాతం నిజమే. కానీ అది ఎవరికి లాభమో చూడాలి. వీళ్ల పెన్షన్ ఒక్కొక్కరికి ఏడాదికి 18,600 పౌండ్లు అనుకుందాం. బ్రిటన్‌లో 12,570 దాకా పన్ను లేదు. మిగిలిన 6,030 మీద 20 శాతం అంటే 1,206. మొత్తం మీద 7 శాతం వేస్తే 1,302. ఇక మిగిలేదేముంది? ఆ చట్టం పెద్ద పెన్షన్ల వాళ్లకు పనికొస్తుంది.

హీటింగ్ ఖర్చు లేదన్నారు. ఆ మాటకు నాకు బాధేసింది, ఎందుకంటే నేనూ అదే నమ్మి వచ్చాను. మొదటి ఏడాది హానియాకు తూర్పున అపోకోరోనాస్ ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్లూ జర్మన్లూ ఎక్కువగా ఉండే ఊళ్లలో ఒకచోట, పాత రాతి ఇల్లు తీసుకున్నాను. అక్టోబరు దాకా స్వర్గం. నవంబరు చివర్లో వానలు మొదలయ్యాయి. చలి మరీ పెద్దదేం కాదు, బయట 10 డిగ్రీలు ఉంటుంది. కానీ ఇంట్లో కూడా అంతే ఉంటుంది! గోడలకు చెమ్మ పట్టి, అలమారలో బట్టలకు బూజొచ్చింది. కట్టెల పొయ్యి ఉన్న గదిలో చెమట, పక్క గదిలో వణుకు. మిద్దె మీద సోలార్ ట్యాంకు ఉన్నా మబ్బు పట్టిన రోజున నీళ్లు కాగవు, కరెంటు వేయాల్సిందే. పైగా ఇక్కడి కరెంటు బిల్లులో మునిసిపాలిటీ పన్నూ ప్రభుత్వ టీవీ చందా కూడా కలిసి వస్తాయి. రెండు నెలల బిల్లు చూసి గుండె జారిపోయింది. ఆ ఊళ్లో వేసవిలో కిటకిటలాడిన హోటళ్లన్నీ మూసేశారు, రొట్టెల కొట్టుకు వెళ్లాలన్నా కారు తీయాలి. పెట్రోలు ఖర్చు అదనం. ఫిబ్రవరిలో మూటాముల్లే సర్దుకుని పట్నంలోకి వచ్చేశాను.

ఇప్పుడు ఇక్కడే నేయా హోరా అనే పేటలో రెండు గదుల ఫ్లాట్. అద్దె 620 యూరోలు. పాత అగ్రిమెంటు కాబట్టి అంత, ఇవాళ కొత్తగా వచ్చేవాళ్లకు ఆ ధరకు దొరకదు. సరుకుల్లో అన్నీ చౌక కావు. డబ్బాల్లో వచ్చేవి, సబ్బులు, షాంపూలు జర్మనీలో కంటే ఇక్కడే ఎక్కువ. వ్యాట్ మామూలు వాటి మీద 24 శాతం, తిండి మీద చాలావరకు 13 శాతం.

చౌక, దాంతోపాటు కళ్లకు పండగ అంటే సంతే. శనివారం పాత కోటగోడ పక్కన మినోస్ వీధిలో జరుగుతుంది. వేసవిలో మన తోటకూర కట్టలు కట్టలుగా వస్తుంది, వీళ్లు 'వ్లీటా' అంటారు. ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసుకుని తింటారు. గంగవాయిలు కూర కూడా దొరుకుతుంది, దాన్ని పచ్చిగానే టమాటాల్లో వేస్తారు. బెండకాయలు కూడా మా అమ్మ ఏరే రకం, వేలెడు పొడవువి. ఇరవై ఏళ్లు జర్మనీలో సూపర్ మార్కెట్ పాలకూర తిన్నవాణ్ని. మొదటిసారి ఆ తోటకూర చూసి అక్కడే నిలబడిపోయాను.

క్రీట్‌కోడలు:
మా అత్తవారిల్లు హానియాలోనే. మీరంతా అద్దె తక్కువా ఎక్కువా అని మాట్లాడుతున్నారు. ఎవరికి తక్కువ? 2025 ఏప్రిల్‌లో ఇక్కడ కనీస వేతనం పెంచితే నెలకు 880 యూరోలయింది, అదీ కోతలకు ముందు. మా ఆడపడుచు టీచరు. కొత్తగా చేరినప్పుడు చేతికి వెయ్యి యూరోలు కూడా రాలేదు. మూడేళ్లలో నాలుగు ఇళ్లు మారింది. ఎందుకంటే ఇంటివాళ్లు సెప్టెంబరు నుంచి మే దాకానే ఇస్తామంటారు, జూన్ వస్తే ఖాళీ చేయమంటారు. వేసవిలో టూరిస్టులకు రోజుల లెక్కన ఇచ్చుకోవాలి. ఏడాది పొడవునా కాపురం ఉండే అద్దెవాళ్లకు కనీసం మూడేళ్ల అగ్రిమెంటు ఉండాలని చట్టం చెబుతున్నా నోటిమాట మీద ఇలాగే నడుస్తోంది. టెక్నికల్ యూనివర్సిటీ పిల్లల గతీ అంతే. పోయిన జూన్‌లో మా ఆడపడుచు తన పుస్తకాలన్నీ మా ఇంటి మెట్ల కింద పెట్టుకుని ఏడ్చింది. పుట్టి పెరిగిన ఊళ్లోనే.

30 యూరోలకు ఇద్దరు భోంచేశారు కదా, ఆ ధర అలా ఉన్నది వడ్డించినవాడి జీతం వల్లే. రావద్దని నేననను, నేనూ బయటి నుంచి వచ్చినదాన్నే. కానీ ఈ ఊరు చౌక అన్నప్పుడల్లా నాకు మా ఆడపడుచే గుర్తొస్తుంది.

గోదారిగట్టు:
అమ్మా, మీ మాట కొంచెం నొప్పించింది. మేం ఎవరి ఇల్లూ లాక్కోవడానికి రావడం లేదు. మా పెన్షన్ అంతా అక్కడే ఖర్చు పెడతాం, అక్కడి కొట్లలోనే కొంటాం. అది ఆ ఊరికి మంచి కాదా? 2010 తర్వాత ఆ దేశం పడ్డ కష్టాలు మేమూ టీవీలో చూశాం. డబ్బు వస్తే వద్దంటారా?

క్రీట్‌కోడలు:
అన్నయ్యగారూ, నొప్పించి ఉంటే క్షమించండి. డబ్బు రావడం మంచిదే, మా మామగారి ఆలివ్ నూనె కొనేది మీలాంటివాళ్లే. తేడా ఎక్కడంటే, ఏడాది పొడవునా అద్దెకుండి సంతలో కొనేవాళ్ల వల్ల ఊరికి మేలు. కొనేసి కొన్నాళ్లుండి, వేసవిలో టూరిస్టులకిచ్చి, చలికాలం తాళం వేసేవాళ్ల వల్ల మా వీధిలో చలికాలం దీపం వెలిగే ఇళ్లు ఐదుకు దిగాయి. మీరు మొదటి రకంగా వస్తే మా ఇంట్లోనే ముందు భోజనం.

ఇద్దరుపిల్లలతల్లి:
మేం డిజిటల్ నోమాడ్ వీసా (బయటి దేశం కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్లకిచ్చేది) మీద రెండేళ్లు ఉండి వచ్చేశాం. కారణం బడి. సర్కారు బడిలో చదువంతా గ్రీకులో. యూరోపియన్ స్కూలు ఉన్నది హెరాక్లియోన్‌లో, హానియా నుంచి రెండు గంటలకు పైగా ప్రయాణం, ఆ రోడ్డు మీద రోజూ పిల్లల్ని పంపలేం. పిల్లలు లేనివాళ్లకు ఈ గొడవ ఉండదు. ఊరిని మాత్రం ఇప్పటికీ తలచుకుంటూనే ఉంటాం.

హానియా2016:
ఇంకొకటి చెప్పాలి. గోదారిగట్టు గారి వయసుకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. రెండేళ్ల కింద ఒక రాత్రి నాకు ఛాతీలో నొప్పి వచ్చింది. 166కు ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. డాక్టర్లు బాగా చూశారు, ఒక్క యూరో అడగలేదు. కానీ వార్డులో రాత్రి ఇంతమంది రోగులకు ఇద్దరే నర్సులు. ప్రతి మంచం పక్కనా కూతురో కోడలో కూర్చుని ఉంది. నీళ్లు తాగించడం, దుప్పటి మార్చడం, డాక్టరు కోసం పరుగెత్తడం అంతా వాళ్లే. నాకెవరూ లేరు. పొద్దున్నే కింది ఇంటి ముసలావిడ సూప్ డబ్బా పట్టుకుని వచ్చింది, మూడు రోజులు వస్తూనే ఉంది. తనకు ఇంగ్లీషు రాదు. నా గ్రీకు అంతంతమాత్రం. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నంత గ్రీకు అంతకుముందు మూడేళ్లలో నేర్చుకోలేదు.

అందుకే నేను జీవన నాణ్యత అంటే సముద్రం కనపడే కిటికీ అనను. మీకు ఆపద వస్తే తలుపు తట్టేవాళ్లు ఉన్నారా అన్నదే. అది ఇక్కడ దొరుకుతుంది, కానీ భాష నేర్చుకుని, చలికాలం కూడా ఊళ్లో ఉండి సంపాదించుకోవాలి. ఇంగ్లీషువాళ్ల ఊళ్లలోనే ఉంటే అది రాదు, ఎందుకంటే వాళ్లలో సగంమంది నవంబరులో వెళ్లిపోతారు.

డబ్బు సంగతి కూడా తేల్చేస్తాను. బ్రిటన్ స్టేట్ పెన్షన్ మొదలయ్యాక ఎస్1 ఫారంతో ఇక్కడ వైద్యం దొరుకుతుంది. అప్పటిదాకా ప్రైవేటు ఇన్సూరెన్స్ మీరే కట్టాలి, మీ ఇద్దరికీ అది ఇంకా కొన్నేళ్లు. దాంతో పాటు కారు, ఇంటికి వెళ్లిరావడానికి విమానం ఖర్చు. చలికాలం చాలావరకు ఏథెన్స్ మీదుగా మారి వెళ్లాలి. ఇవన్నీ కలిపితే బర్మింగ్‌హామ్ కంటే తగ్గుతుంది కానీ సగం మాత్రం కాదు.

లెక్కతప్పదు:
7 శాతం విషయంలో నేను నా జీతం చూసుకుని చెప్పాను. వీళ్ల లెక్క వేరు, ఒప్పుకుంటున్నాను. అద్దెల మీద మాత్రం నా మాట మార్చుకోను. గ్రీసు ప్రధాన భూభాగంలోని కలమాటలాంటి ఊళ్లు కూడా చూడండి. అక్కడ గోల్డెన్ వీసా 4 లక్షలకే.

గోదారిగట్టు:
ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. ఇల్లు అమ్మడం ఆపేశాం. 4,200 చూపించాలంటే నేను ఇంకో మూడేళ్లు పనిచేయాలి. ఈలోగా 90 రోజుల్లోపే కదా, జనవరి నుంచి మార్చి దాకా పట్నంలో అద్దెకుండి చూద్దామంటోంది తను. మే నెల చూశాం, ఇప్పుడు జనవరి చూడాలి. క్రీట్‌కోడలు గారూ, ఇల్లు చూసేటప్పుడు ఏం అడగాలి?

క్రీట్‌కోడలు:
వేడి ఎలా వస్తుందో అడగండి. రేడియేటర్లా, ఏసీయా, పొయ్యా? అపార్ట్‌మెంట్ అయితే హీటింగ్ నూనె ఖర్చు అందరూ పంచుకుంటారు, పోయిన చలికాలం కాగితాలు చూపించమనండి. మంచం జరిపి వెనక గోడ తడిమి చూడండి. ఉత్తరం వైపు గది వద్దు. ఉన్ని దుప్పట్లు తెచ్చుకోండి, ఇక్కడ కొంటే ఖరీదు. జనవరి మధ్యలో కొన్ని రోజులు ఎండ కాస్తుంది, వీళ్లు 'అల్క్యోనిడెస్' అంటారు, ఆ రోజుల్లో సముద్రం పక్కన కూర్చుంటే మీ మే నెలే.

శనివారం మినోస్ వీధికి నేనే తీసుకెళ్తాను. వదినగారికి చెప్పండి, అప్పుడు తోటకూర ఉండదు. స్తమ్నగాథి అని కొండల్లో పెరిగే ఆకు వస్తుంది, కాస్త చేదు. పప్పులో వేస్తే బాగుంటుంది, నేను వండి చూశాను.