హాస్కెల్ ప్రోగ్రామింగ్ భాషలో పెద్ద ఫైల్ కొంచెం కొంచెంగా చదవడం ఎలా?

లాగ్‌వేట: కొన్ని జీబీల లాగ్ ఫైల్. రీడ్‌ఫైల్ ఫంక్షన్‌తో తెరిచి లైన్ల సగటు పొడవు లెక్కేస్తుంటే మెమరీ అంతా తినేస్తోంది. ముక్కలుగా చదవాలి, ఎంత శాతం అయిందో స్క్రీన్ మీద చూపించాలి. మీరు ఏ లైబ్రరీ వాడుతున్నారు?

లేజీలిస్ట్: రీడ్‌ఫైల్ ఎలాగూ అడిగినంతే చదువుతుంది. సగటు కోసం అదే జాబితాను రెండుసార్లు నడుస్తున్నారు, రెండో నడక కోసం మొత్తం మెమరీలోనే ఉండిపోతోంది. మొత్తం, లెక్క రెండూ ఒకే ఫోల్డ్‌లో, అంటే జాబితాను ఒక్కసారే నడుస్తూ కూడుకుంటూ, చేయండి. రెండు విలువల్నీ స్ట్రిక్ట్‌గా (వెంటనే లెక్కించేలా) పెట్టండి, ఊరికే జత పెడితే లోపల థంకులు (వాయిదా పడ్డ లెక్కలు) పేరుకుంటాయి.

హ్యాండిల్‌బాధ: లేజీ ఐఓ (ఇలా అడిగినప్పుడే ఫైల్ చదవడం) మాత్రం వద్దు! పని అవగానే ఫైల్ మూసేసే విత్‌ఫైల్ లోపల, లేజీగా చదివే హెచ్‌గెట్‌కంటెంట్స్ పిలిచి ఫలితాన్ని బయటికి తెస్తే, చదివే వేళకి ఫైల్ మూసేసి ఉంటుంది. కంపైలర్ కిక్కురుమనదు. ప్రొడక్షన్‌లో దీని వల్ల పడ్డ టెన్షన్ నాకు తెలుసు.

లేజీలిస్ట్: విత్‌ఫైల్ దాటేలోపు విలువ పూర్తిగా లెక్కించాలి. అది లేజీ తప్పెలా అవుతుంది?

హ్యాండిల్‌బాధ: అన్నీ మనమే గుర్తుపెట్టుకోవాలంటే ఇక టైపులు ఎందుకండీ? ప్యూర్ కోడ్ (బయటి ప్రపంచాన్ని ముట్టుకోని లెక్కలు) మధ్యలో డిస్క్ చదవడమేంటి?

బ్రాకెట్‌వీరుడు: క్లోజర్ భాషలోనూ ఇదే గోల. ఫైల్ మూసేసే విత్-ఓపెన్ నుంచి లైన్-సెక్‌ను (లైన్ల లేజీ జాబితా) బయటికి పంపితే 'స్ట్రీమ్ క్లోజ్డ్' అనే ఎర్రర్.

ఒంటెసవారీ: ఓకామెల్ భాషకి రండి. 4.14 వెర్షన్ నుంచి ఇన్_ఛానెల్.ఇన్‌పుట్_లైన్ ఆప్షన్ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అనే టైప్) ఇస్తుంది. ఫైల్ అయిపోతే నన్ (ఏమీ లేదు), అంతే.

హ్యాండిల్‌బాధ: హాస్కెల్ గురించి అడిగితే భాష మార్చమంటారేంటి!

కాండ్యూట్‌గురు: ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, వినండి. రీడ్‌ఫైల్ ఇచ్చే స్ట్రింగ్ అంటే లింక్డ్ లిస్ట్, అక్షరాల గొలుసు. 64 బిట్ మెషీన్‌లో ఒక్కో అక్షరానికి లిస్ట్ సెల్లే 24 బైట్లు. స్ట్రింగ్ బదులు లేజీ బైట్‌స్ట్రింగ్ (బైట్ల ముక్కలు) అయితే దాదాపు 32 కేబీ ముక్కల్లో తెస్తుంది. ఫైల్ మూసే బాధ్యత కూడా వదిలించుకోవాలంటే కాండ్యూట్ లైబ్రరీ. ఒలెగ్ కిసెల్యోవ్ ఇటరేటీల (ముక్కలుగా చదివే పాత పద్ధతి) నుంచి వచ్చిన దారే అది.

లేజీలిస్ట్: లైన్లు లెక్కపెట్టడానికి కాండ్యూటా? అంత సరంజామా ఎందుకు?

అక్షరమాల: లాగ్‌లో తెలుగు ఉంటే జాగ్రత్త. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు కోడ్‌పాయింట్ (యూనికోడ్ గుర్తు) ఒక్కోటి 3 బైట్లు. ముక్క సరిగ్గా ఒక కోడ్‌పాయింట్ మధ్యలో తెగితే, విడివిడిగా డీకోడ్ చేసినప్పుడు చెల్లని బైట్లంటుంది. స్ట్రీమ్‌డీకోడ్‌యూటీఎఫ్8 వాడండి, మిగిలిన బైట్లను తర్వాతి ముక్కకి అదే మోస్తుంది.

లాగ్‌వేట: ఒకే ఫోల్డ్‌గా మార్చాక మెమరీ పెరగడం ఆగింది, థాంక్సండీ. శాతం సంగతి ఎవరూ చెప్పలేదు.

అక్షరమాల: హెచ్‌ఫైల్‌సైజ్‌తో ఫైల్ మొత్తం సైజు తీసుకోండి. ముక్కలుగా చదివే హెచ్‌గెట్‌సమ్ తెచ్చిన ప్రతి ముక్క పొడవూ కూడుతూ పోండి, మొత్తంలో అది ఎంతో అదే శాతం.

కాండ్యూట్‌గురు: కాండ్యూట్‌లో అయితే అది మధ్యలో ఒక స్టేజ్ మాత్రమే.

లేజీలిస్ట్: మళ్లీ మొదలుపెట్టారా!