సీ6 కణాలు (ఎలుక మెదడు కణితివి) గ్లుటమేట్‌ను పీల్చుకోకుండా ఆపే మందు డైహైడ్రోకైనేట్ అసలు పనిచేస్తలేదు. మందు పోయిందా, అస్సేనే (కొలిచే పద్ధతే) తప్పా?

ఓరుగల్లు_ఫార్మా:
హన్మకొండలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు. పుణె ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) నుంచి తెప్పించిన సీ6 గ్లయోమా కణాలు, 24 వెల్ ప్లేటు. గ్లుటమేట్ 200 మైక్రోమోలార్ పోసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, బయట ఎంత మిగిలిందో గ్లుటమేట్ డీహైడ్రోజినేస్‌తో 340 నానోమీటర్ల దగ్గర చూస్తున్నాం. డైహైడ్రోకైనేట్ 300 మైక్రోమోలార్ వేసినా తేడా సున్నా. టీబీఓఏ (ఇంకో నిరోధక మందు) 10 మైక్రోమోలార్‌తో అప్‌టేక్ (కణాలు గ్లుటమేట్‌ను లోపలికి తీసుకోవడం) పదో వంతే తగ్గింది. అదే పనికి తెచ్చిన ఎల్-ట్రాన్స్-2,4-పీడీసీ 200 మైక్రోమోలార్ వేస్తే మాత్రం బయట గ్లుటమేట్ బాగా మిగిలింది. మధ్యలో కరెంటు పోయి ఫ్రీజర్ కరిగింది. మందులు కొత్తవి తెప్పించాల్నా?

గ్లియా_పిచ్చి:
డబ్బులు దండగ చేయకండి. డైహైడ్రోకైనేట్‌కు సున్నా రావడమే సరైన జవాబు. గ్లుటమేట్‌ను కణంలోకి మోసే ప్రోటీన్లను (ట్రాన్స్‌పోర్టర్లను) ఈఏఏటీలు అంటారు; అది పట్టుకునేది వాటిలో జీఎల్‌టీ-1ను, అంటే ఈఏఏటీ-2ను. అక్కడ కేఐ (మందు పట్టు ఎంత గట్టిదో చెప్పే గాఢత, తక్కువైతే గట్టి పట్టు) 20 మైక్రోమోలార్ల చుట్టూ ఉంటుంది. ఈఏఏటీ-1, 3ల మీద మిల్లీమోలార్ దాటినా పెద్దగా కదలిక ఉండదు. సీ6లో ప్రధానంగా ఉండేది ఈఏఏసీ-1, అంటే ఈఏఏటీ-3. గ్లియా (న్యూరాన్లకు తోడుండే) కణం కదా, జీఎల్‌టీ-1 ఉంటుందిలే అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. యూసీపీహెచ్-101 అనే నిరోధకం కూడా ఆర్డర్ పెట్టకండి, అది ఈఏఏటీ-1కు మాత్రమే.

పోనీ ఎలుక పిల్లల ఆస్ట్రోసైట్ (ఒక రకం గ్లియా కణం) కల్చర్‌కు పోదామంటే, ఒంటరిగా పెంచితే వాటిలో ఎక్కువగా గ్లాస్ట్ (ఈఏఏటీ-1) ఉంటుంది. న్యూరాన్లతో కలిపి పెంచాలి, లేదా డైబ్యూటిరిల్ సైక్లిక్ ఏఎంపీ వారం పైన ఇవ్వాలి, అప్పుడే జీఎల్‌టీ-1 పైకొస్తుంది. డైహైడ్రోకైనేట్ ప్రభావం కళ్లారా చూడాలంటే పెద్దెలుక కార్టెక్స్ నుంచి సినాప్టోజోమ్‌లు (విడదీసిన నరాల కొనలు) తీయడమే సులువు. ముందుగా మీ కాలేజీ జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోండి.

లెక్కల_మేస్త్రీ:
టీబీఓఏ సంగతి వేరు. మందు బాగానే ఉంది, గ్లుటమేటే ఎక్కువైంది. టీబీఓఏ గ్లుటమేట్‌తో అదే చోటు కోసం పోటీపడుతుంది. కాబట్టి ఐసీ50 (అప్‌టేక్‌ను సగం ఆపే మందు గాఢత) = కేఐ × (1 + గ్లుటమేట్ ÷ కేఎం). కేఎం అంటే అప్‌టేక్ సగం వేగం అందుకునే గ్లుటమేట్ గాఢత. ఈఏఏటీ-3కి టీబీఓఏ కేఐ సుమారు 8, కేఎం 20 అనుకోండి. 200 పోస్తే 8 × 11 = 88 మైక్రోమోలార్. 10 వేస్తే 10 ÷ (10 + 88), అంటే పదో వంతు. మీకు వచ్చింది అదే!

గ్లుటమేట్ 50కి దించితే ఐసీ50 28కి వస్తుంది, టీబీఓఏ 100 వేస్తే 78 శాతం ఆగుతుంది. ఇంకా దించి 10 చేద్దామా అంటే కొలత చేతికి రాదు: ఎంజైము గ్లుటమేట్‌తో పుట్టించే ఎన్‌ఏడీపీహెచ్‌నే 340 దగ్గర చూస్తాం, 10 మైక్రోమోలార్ ఎన్‌ఏడీపీహెచ్‌కు 1 సెం.మీ. క్యువెట్‌లోనే శోషణ 0.062, 96 వెల్ ప్లేటులో 200 మైక్రోలీటర్లకు దాదాపు సగం. అంత తక్కువకు పోవాలంటే ఫ్లోరిమీటర్ కావాలి.

గంట కూడా ఎక్కువే. 5, 10, 20 నిమిషాలకు తీసి, కంట్రోల్‌లో మూడో వంతుకు మించి తగ్గని సమయాన్ని ఎంచుకోండి. కంట్రోల్ మొత్తం తాగేశాక, ఆలస్యంగా తాగినవీ దాని దగ్గరికి చేరతాయి, తేడా మాయమవుతుంది.

గ్లియా_పిచ్చి:
పీడీసీని చూసి మురిసిపోకండి. అది బ్లాకర్ కాదు, సబ్‌స్ట్రేట్. తాను లోపలికి పోతూ లోపలి గ్లుటమేట్‌ను బయటికి నెడుతుంది. మిగిలింది లెక్కపెట్టే మీ పద్ధతిలో ఏది అప్‌టేక్ ఆగడం, ఏది తిరిగి రావడం అని విడదీయలేరు. టీబీఓఏ లోపలికి పోదు కాబట్టి ఈ గొడవ లేదు.

కంట్రోల్‌లు: సోడియం క్లోరైడ్‌కు బదులు అంతే గాఢతలో కోలిన్ క్లోరైడ్ ఉన్న బఫర్‌లో ఒక వరుస. ఈఏఏటీలకు సోడియం కావాలి, కాబట్టి అక్కడ కూడా గ్లుటమేట్ తగ్గితే అది ఈఏఏటీల పని కాదు. డీఎంఈఎంలో (కణాలు పెంచే ద్రవంలో) అస్సే చేయవద్దు. అందులోని గ్లుటమిన్ కొంత గ్లుటమేట్‌గా మారుతుంది, సిస్టిన్ ఉంటే ఎక్స్‌సీ మైనస్ (సిస్టిన్‌ను లోపలికి తెచ్చి గ్లుటమేట్‌ను బయటికి వదిలే ట్రాన్స్‌పోర్టర్) దారిలో కణాలే గ్లుటమేట్ కక్కుతాయి, దాన్ని టీబీఓఏ ఆపదు. హెచ్‌బీఎస్‌ఎస్ (లవణ ద్రావణం)తో మూడుసార్లు కడిగి మొదలుపెట్టండి. కణాలు లేని వెల్‌లో గ్లుటమేట్, మందు రెండూ వేసి ఎంజైము రీడింగ్ మారుతుందేమో ఒకసారి చూడండి. ఈ బ్లాంక్ పెట్టనిదే ఏ ఫలితమూ నమ్మను. రియాక్షన్ చివరిదాకా పోవాలంటే పీహెచ్ 9 దగ్గర హైడ్రజీన్ వేయాలి. అది విషం, ఫ్యూమ్ హుడ్‌లోనే పని.

ఇంకోటి, "గది ఉష్ణోగ్రత" అని రాసుకోవద్దు. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గది, జనవరి పొద్దుటి గది ఒకటి కావు. ఈ ట్రాన్స్‌పోర్టర్ వేగం వేడితో బాగా మారుతుంది. వాటర్‌బాత్‌లో థర్మామీటర్ పెట్టండి.

ఓరుగల్లు_ఫార్మా:
లెక్క సరిపోయింది, థాంక్స్ సార్. టీబీఓఏ స్టాక్ ఎలా పెట్టుకోవాలి?

లెక్కల_మేస్త్రీ:
అణుభారం 239.2. 10 మి.గ్రా.కు 836 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ (ద్రావణి) పోస్తే 50 మిల్లీమోలార్. 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో, ఒక్కోటి ఒక్కసారికే. 100 మైక్రోమోలార్ కావాలంటే 500 రెట్లు పలుచన, డీఎంఎస్‌ఓ 0.2 శాతం. అంతే డీఎంఎస్‌ఓ కంట్రోల్ వెల్స్‌లోనూ పడాలి. కరిగిన పాత ట్యూబును గ్లుటమేట్ 50కి 100 మైక్రోమోలార్ వేసి ఒకసారి పరీక్షించండి, 75-80 శాతం ఆపితే వాడుకోవచ్చు.