పికప్‌కి ఖాళీగా ఎంత, లోడుకి ఎంత గాలి కొట్టించాలి?

అందరికీ నమస్కారం అండి. మాది కవిటి దగ్గర, ఉద్దానం. పోయిన సంవత్సరం నాన్నా నేనూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో బొలెరో పికప్ తీసుకున్నాం, కొబ్బరికాయలు వేసుకుని హైవే మీద విజయనగరం వెళ్తాం, తిరిగొచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీయే. ఇప్పుడు సమస్యేటంటే వెనక టైర్లు రెండూ నడిమధ్యలో అరిగిపోయాయి. నిన్న రూపాయి బిళ్ళ పెట్టి చూశాను, అంచు గాడిలో బాగానే దిగింది, మధ్యలో అసలు దిగట్లేదు. అంటే గాలి ఎక్కువైనట్టే కదా?

మేం గాలి కొట్టించే చోట టైరు పక్కన రాసున్న నంబరు చూసి అంతా కొట్టేస్తున్నారు, కానీ అది టైరు తట్టుకునే గరిష్టం గానీ బండికి కావాల్సింది కాదు కదండీ. డ్రైవర్ డోరు దగ్గరుండే స్టిక్కరు చూద్దామంటే పాత ఓనరు పెయింటు వేయించేశాడు, ఒక్క అంకె కూడా కనపడట్లేదు. పైగా పలాస దాటాక మధ్యాహ్నం ఎండలో వేడి టైరు మీద చూస్తే గేజు ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది, అందుకే పొద్దున్నే బండి తియ్యకముందు చూడ్డానికి సొంత గేజు కొన్నాను.

ఖాళీగా వస్తుంటే వెనక ఎగిరెగిరి పడుతోంది, వానలో బ్రేకు వేస్తే జారుతోంది, నాన్న పక్కనుంటే నాకు మరీ భయం. ఇదే బండి నడిపేవాళ్ళు ముందు ఎంత, వెనక ఎంత పెడుతున్నారు? ఖాళీ అయ్యాక గాలి తగ్గిస్తారా, మళ్ళీ లోడుకి పెంచుతారా? స్టిక్కరు ఫొటో ఎవరైనా పెడితే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.