మెయిళ్లు వెళ్తున్నాయి, రావడం లేదు: ఏం చూడాలి?

నమస్కారమండీ. నాన్నగారి కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్‌లో సోమవారం నుంచి కొత్త మెయిళ్లు రావడం లేదు. పంపితే మాత్రం వెంటనే వెళ్తున్నాయి. బ్రౌజర్‌లో తెరిస్తే అన్నీ కనిపిస్తున్నాయి కాబట్టి సర్వర్‌ దాకా చేరుతున్నట్టే. ఇక్కడ రిఫ్రెష్ నొక్కితే కింద గీత సగం దాకా కదిలి ఆగిపోతోంది, కాసేపటికి ‘కనెక్షన్ టైమ్డ్ ఔట్’ (సర్వర్ నుంచి సమయానికి జవాబు రాలేదు) అని వస్తోంది. పాస్‌వర్డ్ తప్పని ఎక్కడా అనడం లేదు.

సర్వర్ నుంచి మెయిళ్లు తెచ్చుకునే సెట్టింగులు (ఐమ్యాప్, పోర్ట్ 993, ఎస్ఎస్ఎల్) అన్నీ సరిగానే ఉన్నాయి. పంపడానికి వాడేది పోర్ట్ 587, అది వేరే దారి. అందుకే నా అనుమానం ఈమధ్యే అప్‌డేట్ అయిన యాంటీవైరస్ మీద. దాన్ని మొత్తం ఆపకుండా మెయిల్ స్కానింగ్ ఒక్కటే ఆపి చూడొచ్చా?

అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టమంటున్నారు తెలిసినవాళ్లు. కానీ లోకల్ ఫోల్డర్లలో నాన్నగారి పెన్షన్ ఉత్తరాలున్నాయి, సర్వర్‌లో వాటి కాపీ లేదు. పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ముందుగా ఏది బ్యాకప్ తీసుకోవాలో దయచేసి చెప్పండి.