పరందూరు వస్తే మీనంబాక్కం మూతపడుతుందా?

ప్రశ్న: చిత్తూరు వాసి
మా చిత్తూరు వైపు నుంచి గల్ఫ్‌కో, సింగపూర్‌కో వెళ్ళేవారిలో చాలామంది బెంగళూరు కాకుంటే చెన్నై మీనంబాక్కంలోనే విమానం ఎక్కుతారు. కాంచీపురం దగ్గర పరందూరులో కొత్త విమానాశ్రయం కడతామని తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. శంషాబాద్ రాగానే బేగంపేటకు పట్టిన గతే మీనంబాక్కానికీ పడుతుందా? అసలు ఉన్నదాన్నే పెంచుకోవచ్చు కదా?

జవాబు: తిరుపతి పాఠకుడు
పెంచడానికి అక్కడ చోటు లేదండీ. 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తెచ్చిన టపాను నెవిల్ వింట్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చిన రోజుల్లో మీనంబాక్కం ఊరికి దూరం. ఇప్పుడు ఒక పక్క అడయారు నది, మరో పక్క తిరుశూలం, పల్లావరం కొండలు, జాతీయ రహదారి, రైలు మార్గం, మిగిలినచోటంతా ఇళ్ళు. ఉన్న రెండు రన్‌వేలూ ఒకదాన్నొకటి దాటుతాయి గనుక రెండింటినీ ఒకేసారి స్వేచ్ఛగా వాడుకోలేరు. రెండోదాన్ని పొడిగించడానికి నది మీద వంతెన కట్టవలసి వచ్చింది. 2015 డిసెంబరు వరదల్లో అదే నది రన్‌వే మీదికి రావడంతో విమానాశ్రయాన్ని కొన్ని రోజులు మూసివేసి, మన రేణిగుంట రైలు దారిలోని అరక్కోణం నౌకాదళ స్థావరం నుంచి కొన్ని విమానాలు నడిపారు. 2023 ఏప్రిల్‌లో కొత్త టెర్మినల్ ప్రారంభించారు. భవనం పెరిగితే మనుషులకు చోటు పెరుగుతుంది గానీ, దిగవలసిన విమానాలకు పెరగదు.

జవాబు: పలమనేరు నుంచి
బేగంపేట పోలిక ఇక్కడ కుదరదు. శంషాబాద్, దేవనహళ్ళి రెండూ 2008లో మొదలయ్యాయి. 150 కిలోమీటర్ల లోపు పోటీ విమానాశ్రయం ఉండరాదన్న షరతు వాటి ఒప్పందాలలో ఉండటం వల్లనే బేగంపేటలోనూ, బెంగళూరు హెచ్.ఏ.ఎల్.లోనూ సాధారణ ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. మీనంబాక్కం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉంది, రెండూ నడుస్తాయని తమిళనాడు ప్రభుత్వం చెబుతోంది. దూరదేశాల సర్వీసులు మాత్రం క్రమంగా పరందూరుకు మారతాయని నా అంచనా. అలా జరిగితే రాణిపేట మీదుగా వెళ్ళే మనకు చెన్నై రద్దీలోకి దిగే పని తప్పుతుంది.

జవాబు: పుత్తూరు రైతుబిడ్డ
మనకు దారి కలిసివస్తుందన్న మాట నిజమే. అయితే ఏకనాపురం గ్రామస్థులు ఏళ్ళ తరబడి ఎందుకు నిరసన తెలుపుతున్నారో కూడా ఈ చర్చలో ఉండాలి. ఎంచుకున్న అయిదువేల ఎకరాలకు పైగా భూమిలో వరిపొలాలతో పాటు చెరువులూ ఉన్నాయి, కంబన్ కాలువ ఆ ప్రాంతం గుండానే పారుతుంది. ఆ కాలువ శ్రీపెరుంబుదూరు చెరువును నింపుతుంది, దాని మిగులు చెంబరంబాక్కానికి చేరుతుంది, చెంబరంబాక్కం గేట్లు ఎత్తితే నీరు అడయారులోకి వస్తుంది. అంటే, పైన చెప్పిన 2015 వరద దారికి ఎగువన ఉన్న నేలనే కాంక్రీటుతో కప్పబోతున్నారు. రన్‌వే ఎన్ని మీటర్లు అన్నదానికంటే, ఆ కాలువను ఎటు మళ్ళిస్తారన్నదే నేను ముందుగా అడుగుతాను.