సెప్టెంబర్‌లో యాడ్‌సెన్స్ రాబడి సగానికి పడిపోయింది, సైట్‌కి ఏమైనా అయిందా?

పాలకొల్లు_పిండివంటలు:
నాది తెలుగు వంటల సైట్. పండుగ నైవేద్యాలు, పిండివంటలు, ఊరగాయలు ఎక్కువ. గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తప్ప దీని మీద వేరే ఆదాయం లేదు. ఈ ఏడు, అంటే 2025 సెప్టెంబర్ 1 నుంచి 14 దాకా వచ్చినదాన్ని నిరుడు ఇవే తేదీలతో పోల్చి చూస్తే సగం కూడా లేదు. ఆగస్టు మాత్రం నిరుటి కంటే చాలా బాగుంది, అదే అర్థం కావడం లేదు. పేజీలేవీ తీసేయలేదు, యాడ్‌ల చోటు మార్చలేదు. హోస్టింగ్ రెన్యువల్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. అసలు ఎక్కడ చూడాలో చెప్పండి.

వరంగల్_బ్లాగర్:
యాడ్‌లు పెంచి చూడండి. రెండు పేరాలకొకటి పెట్టండి, ఆటో యాడ్స్ (గూగులే చోటు చూసి యాడ్‌లు పెట్టే పద్ధతి) కూడా ఆన్ చేయండి. ఎంతో కొంత లోటు పూడుతుంది.

లెక్కల_పుస్తకం:
దయచేసి ఇప్పుడే ఏదీ ముట్టుకోకండి. కారణం తెలియకుండా యాడ్‌లు పెంచితే, రేపు రాబడి పెరిగినా తగ్గినా దేనివల్లో చెప్పలేం. పైగా పొయ్యి దగ్గర ఫోన్ పెట్టుకుని చదివే మనిషికి కొలతలు కనబడకపోతే మళ్ళీ మీ సైట్‌కి రారు.

ముందు క్యాలెండర్ చూడండి. నిరుడు వినాయక చవితి సెప్టెంబర్ 7. ఈసారి ఆగస్టు 27. ఉండ్రాళ్ళ కోసం, పాలతాలికల కోసం వచ్చే జనమంతా ఆగస్టులోనే వచ్చి వెళ్ళిపోయారు. ఆగస్టు బాగుండటానికీ, సెప్టెంబర్ పడిపోవడానికీ ముందు అనుమానించాల్సింది దీన్నే. మన పండుగలు తిథిని బట్టి వస్తాయి, రిపోర్టు తేదీని బట్టి పోలుస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కదా, ఆ ఏడు చవితి సెప్టెంబర్ 18కి పోయింది. ఆ మూడు సెప్టెంబర్‌లనూ పక్కపక్కన పెడితే ఏమీ తేలదు.

అందుకని పండుగ ముందు పది రోజుల్ని పోల్చండి. నిరుడు ఆగస్టు 29 నుంచి సెప్టెంబర్ 7, ఈ ఏడు ఆగస్టు 18 నుంచి 27. వచ్చిన డబ్బు ఒక్కటే కాదు, పేజీ వ్యూస్, పేజీ ఆర్‌పీఎం (వెయ్యి వ్యూస్‌కి వచ్చే రాబడి) కూడా తీసి ఇక్కడ పెట్టండి. పండుగలు లేని రోజులకైతే 28 రోజుల చొప్పున చూడండి, నెల వద్దు. 28 రోజుల్లో ప్రతి వారమూ సరిగ్గా నాలుగు సార్లు వస్తుంది, ఆదివారాలు ఎక్కువ తక్కువలు కావు.

ఇంకొకటి, మీ రిపోర్టు పసిఫిక్ టైంలో (అమెరికా పశ్చిమ తీరం సమయంలో) ఉందేమో చూసుకోండి. ఈ కాలంలో అక్కడ రోజు మారేసరికి మనకు మధ్యాహ్నం పన్నెండున్నర. పండుగ పొద్దున్నే వచ్చిన రాబడంతా ముందు రోజు ఖాతాలో పడుతుంది.

పాలకొల్లు_పిండివంటలు:
మీరు చెప్పినట్టే తీశాను. నిరుడు ఆ పది రోజుల్లో 61 వేల వ్యూస్, 55 డాలర్లు. ఈసారి 74 వేల వ్యూస్, 59 డాలర్లు. అంటే సైట్ పడిపోలేదు, ప్రాణం కుదుటపడింది! కానీ ఆర్‌పీఎం 90 సెంట్ల నుంచి 80కి దిగింది. యాడ్‌ల రేటు తగ్గిందంటారా?

లెక్కల_పుస్తకం:
రేటు అని ఇప్పుడే తేల్చకండి. అదే రిపోర్టును దేశాల వారీగా విడగొట్టి, ఇండియా ఆర్‌పీఎం, అమెరికా ఆర్‌పీఎం వేరువేరుగా చూడండి.

పాలకొల్లు_పిండివంటలు:
ఆశ్చర్యంగా ఉందండీ. ఇండియా అప్పుడూ ఇప్పుడూ 60 సెంట్ల దగ్గరే, అమెరికా నాలుగు డాలర్ల దగ్గరే. ఏదీ తగ్గలేదు!

లెక్కల_పుస్తకం:
తగ్గింది అమెరికా వాటా. ఎంత?

పాలకొల్లు_పిండివంటలు:
వ్యూస్‌లో 9 శాతం ఉండేది, ఇప్పుడు 6. అంకెల్లో చూస్తే దాదాపు 5,500 నుంచి 4,400కి.

డాలస్_వంటిల్లు:
మధ్యలో వస్తున్నా. నిరుడు చవితి శనివారం, అందరం ఇంట్లోనే ఉన్నాం, అన్నీ వండుకున్నాం. ఈసారి బుధవారం. ఆఫీసులు, పిల్లల స్కూళ్ళు. మా ఇంట్లో ఆ రోజు పులిహోర చేసి దణ్ణం పెట్టుకున్నాం, కుడుములూ ఉండ్రాళ్ళూ శనివారానికి వాయిదా వేశాం. లేబర్ డే సెలవు కలిసొచ్చిన వారాంతం కదా, మా గుడిలో కూడా జనం అప్పుడే. అమెరికా వరకు ఆగస్టు 31 దాకా లాగి చూడండి.

పాలకొల్లు_పిండివంటలు:
ఆ శని, ఆదివారాలు కలిపితే అమెరికా లోటు చాలావరకు పూడిపోయింది. నిరుటికీ మరుసటి ఆదివారం కలిపే చూశాను. ఇది నాకు ఎప్పటికీ తట్టేది కాదు, చాలా థ్యాంక్స్ అక్కా.

లెక్కల_పుస్తకం:
డాలస్ వారు పట్టుకున్నది అసలైన సంగతి. పూడకుండా మిగిలిన కాస్త లోటు ఏమిటో సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో ఏం వెతికి మీ సైట్‌కి వచ్చారో చూపే టూల్) వెతకండి. అమెరికాకు ఫిల్టర్ పెట్టి, ఏ పదాలతో వచ్చేవారు ఇప్పుడు రావడం లేదో పోల్చండి. అందులో 16 నెలల డేటానే ఉంటుంది. వచ్చే సంక్రాంతి నాటికి నిరుటి చవితి చెరిగిపోతుంది, కాబట్టి ఈ వారమే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఒక గూగుల్ షీట్ మొదలుపెట్టండి. నెలల వరుస ఒకటి, పండుగల వరుస ఒకటి. లెక్క డాలర్లలోనే రాయండి. బ్యాంకులో పడ్డ రూపాయల్ని బట్టి రాస్తే మారకం రేటు పెరిగినా రాబడి పెరిగినట్టే ఉంటుంది. వంద డాలర్లు నిండితేనే పంపుతారు కనుక డబ్బు పడిన నెలకూ సంపాదించిన నెలకూ పొంతన కూడా ఉండదు. నడుస్తున్న నెలలో కనిపించేది అంచనా మాత్రమే, చెల్లని క్లిక్కులు తీసేశాక ఖరారైన అంకెనే షీట్‌లో ఎక్కించండి.

అక్టోబర్‌కీ ఇప్పుడే సిద్ధంగా ఉండండి. నిరుడు దసరా నవరాత్రులు, దీపావళి రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. ఈసారి నవరాత్రులు సెప్టెంబర్ 22నే మొదలు. నైవేద్యాల జనం ఈ నెలాఖరులోనే వస్తారు, అక్టోబర్ మొత్తంగా తగ్గినట్టు కనిపించొచ్చు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, చవితి సెప్టెంబర్ 14కి, దీపావళి నవంబర్ 8కి జరుగుతాయి. ఆ తేదీలు షీట్‌లో ముందే వేసుకోండి. వరలక్ష్మీ వ్రతం కూడా ఆగస్టు రెండో సగానికి పోతుంది, ఆ పేజీలు సరిచూసుకోవడానికి మీకు ఇంకొన్ని రోజులు ఎక్కువ దొరుకుతాయి.